అయిదు పత్తాల హుకుం

బ్రిడ్జి అనే పేకాట జనగామలో సరిగ్గా ఆడేవాళ్ళం నలుగురమే. ఆ నలుగురిలో నేనొకదాన్ని కాబట్టి ఈ కథ చెప్పే హక్కు నాకుంది. మిగతావాళ్ళు చెప్పేది వినకండి. "ఖైరున్నీసా పేకాట ఆడి జైలుకు పోయింది" అని ఊళ్ళో కొందరు ఇప్పటికీ ఇకిలిస్తూ చెప్తుంటారు. ఆమె జైలుకు పోలేదు, ఫంక్షన్ హాలుకు పోయింది. అది కూడా పేకాట కేసులో కాదు. ఆ "కాదు" కోసం ఆమె ఎంత కొట్లాడిందో వాళ్ళకేం తెలుసు!

ఖైరున్నీసా మా ఆఫీసులో సీనియర్ అసిస్టెంటు. నేను జూనియర్‌గా చేరిన రోజు నా కుర్చీ కాలు ఊగుతుంటే, పాత సర్క్యులర్ ఒకటి నాలుగు మడతలు పెట్టి దాని కింద తోసింది. "కూసో విజయా. గీ ఆఫీసుల అన్నీ ఊగుతయి, నువ్వు ఊగకు" అంది. అప్పటినుంచి ఆమె నాకు ఆపా, అంటే అక్క. సన్నటి మనిషి, గొంతు మాత్రం పెద్దది. కోపం ముక్కు మీదే ఉంటుంది. నా నోటికీ అడ్డూ ఆపూ లేదు, అందుకే మా ఇద్దరికీ పొసిగింది.

బ్రిడ్జిని మా ఊరికి తెచ్చింది బదిలీ మీద వచ్చిన ఒక ఇంజనీరు గారు. సాయంత్రం ఆఫీసు మూశాక ఆయనకు తోచేది కాదు. మా నలుగురినీ కూర్చోబెట్టి నేర్పాడు. ఆ తర్వాత ఆయనకు మళ్ళీ బదిలీ అయింది, ఆట మా దగ్గర ఉండిపోయింది.

తెలియనివాళ్ళ కోసం రెండు మాటలు. నలుగురు కూర్చుంటారు, ఎదురెదురు వాళ్ళు జట్టు. తలా పదమూడు ముక్కలు. నలుగురూ తలా ఒకటి వేస్తే పెద్ద ముక్కది పట్టు. ఆట మొదలయ్యే ముందు పాట ఉంటుంది, మన మార్కెట్ యార్డులో పత్తికి పాడినట్టే. ఫలానా రంగు తురుపు, మా జట్టు ఇన్ని పట్టులు పడుతుంది అని పాడాలి. మొదటి ఆరు పట్టులు లెక్కలోకి రావు, ఒకటి అని పాడితే ఏడు, నాలుగు అంటే పది. పాడినన్ని పట్టి చూపించాలి. ఎక్కువ పాడి పట్టలేకపోతే వాత పడుతుంది. తక్కువ పాడి ఎక్కువ పట్టినా పెద్దగా ఒరిగేదేం లేదు, అడిగినదానికే విలువ. అడగనిదే అమ్మయినా పెట్టదు అన్న సామెతను ఎవరో కూర్చుని ఆటగా చేసినట్టుంటుంది.

కాబట్టి అసలు విద్యంతా మన చేతిలో బలమెంతో తూచుకోవడంలోనే ఉంది. ఇంజనీరు గారు దానికో లెక్క చెప్పి పోయాడు. ఆసుకు, ఆపా భాషలో ఇక్కాకు, నాలుగు పాయింట్లు, రాజుకు మూడు, రాణికి రెండు, జాకీకి ఒకటి. అన్నీ కూడితే పన్నెండో పదమూడో వస్తే నోరు తెరవాలి. రాకపోతే పాస్ అని మూసుకోవాలి.

ఈ లెక్క రాజలింగం సారుకు వేదమైంది. సారు నర్మెట్టలో హెడ్మాస్టరు, చెప్పేది లెక్కలే. అంతకుముందు గంగారం అడవుల్లో ఏళ్ళ తరబడి ఒక్కడే బడి నడిపాడు. మంచి మనిషి, పిల్లలంటే ప్రాణం. కానీ భయస్తుడు. మెమో అన్న మాట వింటే చాలు, ఆయన చెయ్యి జేబురుమాలు వెతుక్కునేది. పదకొండు పాయింట్లుంటే పాస్. పన్నెండున్నా ఏదో అనుమానం వచ్చి పాస్. అలాంటి మనిషి ఆపాకు జట్టు. దేవుడికి కూడా అప్పుడప్పుడు తమాషా చెయ్యాలనిపిస్తుంది కాబోలు. నా జట్టు సురేందర్, వ్యవసాయ శాఖలో పని. రోజంతా పది మాటలు మాట్లాడడు, కానీ పడిన ముక్క ఒక్కటీ మర్చిపోడు.

ఆపా ముక్కలు ఎత్తే తీరు వేరు. పంచడం అయిపోగానే మేమంతా పదమూడూ ఎత్తి సర్దుకుంటాం. ఆమె పైనున్న అయిదే ఎత్తేది. వాటిని చూసి, ముడిచి, ఒక్క క్షణం ఎటో చూసేది. ఆ తర్వాతే మిగతా ఎనిమిది. ఇది కోట్‌పీస్ అలవాటు. వాళ్ళ ఇళ్ళల్లో ఆడే ఆ ఆటలో ముందు అయిదు ముక్కలే పంచుతారు. ఆ అయిదూ చూసి తురుపు ఏదో చెప్పెయ్యాలి. తురుపును వాళ్ళు హుకుం అంటారు. మిగతా ఎనిమిదీ ఏమొస్తాయో తెలియకుండానే హుకుం చెప్పాలి, చెప్పాక వెనక్కి తీసుకోవడం లేదు. ఆపాకు ఆ ఆట నేర్పింది వాళ్ళ అబ్బా, అంటే నాన్న, బాబామియా. స్టేషన్ దారిలో సైకిల్ దుకాణం ఆయనది. "అయిదు పత్తాలు చూసి హుకుం చెప్పనోడు, పదమూడు చూసినా చెప్పడు" అనేవాడట.

సారుకు ఈ అయిదు ముక్కల సంగతి ఒళ్ళుమంట.

"మేడమ్, గిది కోట్‌పీస్ కాదు. అయిదు చూసి మనసుల ఏమో అనుకుంటరు, పదమూడు చూసినంక గూడ గదే పట్టుకుంటరు. ఆలు లేదు చూలు లేదు, కొడుకు పేరు సోమలింగం అన్నట్టు."

"మీరైతే కొడుకు పెండ్లి అయినంక గూడ పేరు పెట్టరు సార్" అనేది ఆపా.

ఆమెది ఊరికే మొండి ధైర్యం అనుకుంటే పొరపాటు. తూచుకోవడం ఆమెకు బాగా తెలుసు, తక్కెడ వేరు, అంతే. ఒకసారి సారు చేతిలో ఆఠీను రాజు ఒంటరిగా ఉంది, దానికి మూడు పాయింట్లు వేసుకున్నాడు. ఆపా నవ్వింది.

"ఒంటి బాద్షా ఏం బాద్షా సార్? దర్వాజ లేని ఇంట్ల కూసున్న నవాబు. ఎవడన్న వచ్చి గుంజుకపోతడు. దానికేమో మూడు ఏస్తిరి. నా తాన ఇస్పేట్లు ఆరు, గులాం, పది, తొమ్మిది అన్నీ ఒక్కతాన కూసున్నయి. మీ లెక్కల వాటికి ఏమున్నది? దాదాపు సున్న."

ఇంకోమాట కూడా అనేది, అది నేను కాపీ పుస్తకంలో రాసుకోకపోయినా మర్చిపోలేదు. "బలం పత్తాలనే ఉండదు. ఎవరి ఎనుక ఎవరు కూసున్నరో సూడాలె. ఆఠీన్లు పాడినోని ఎనుక మీరు కూసుంటే, మీ ఆఠీన్ బాద్షా బతుకుతది. ముంగట కూసుంటే సస్తది. పత్తా గదే, బలం వేరు." నిజమే. మనకంటే ముందు ఆడేవాడి దగ్గర ఆసు ఉంటే, వాడు దాన్ని వేసేదాకా చూసి మన రాజును కాపాడుకోవచ్చు. సారు తల ఊపేవాడు. మళ్ళీ మర్నాడు పదకొండు పాయింట్లకు పాస్.

ఇలా ఉండగా హైదరాబాదులో ఉద్యోగుల బ్రిడ్జి పోటీ అన్నారు. ఆపా, సారు ఒక జట్టుగా పోయారు. నేనూ సురేందర్ ఇంకో జట్టు. మేమిద్దరం మొదటి గంటలోనే ఓడిపోయాం, అది వేరే సంగతి. ఆపా వాళ్ళు చివరి రౌండుదాకా వచ్చారు. నేను వెనక నిలబడి చూస్తున్నాను.

అవతలి జట్టులో ఒక పెద్దమనిషి, ఇస్త్రీ నలగని చొక్కా. అంతకుముందు ఆటలో ఆపా కాస్త ఎక్కువ పాడి ఒక పట్టు పోగొట్టుకుంది. ఆయన ముక్కలు సర్దుకుంటూ, "అడగడం మాత్రం బాగా అడుగుతారండీ మీ వైపువాళ్ళు. చేతిలో ఏముందనేది తర్వాత సంగతి" అన్నాడు. ఆయన జట్టువాడు సినిమాల్లో తాగుబోతు పాత్రకు పెట్టే యాసలో "గట్లనా?" అన్నాడు. ఇద్దరూ నవ్వారు. అప్పటికే ఊళ్ళల్లో, టీవీల్లో, అసెంబ్లీలో అదే మాట నడుస్తోంది. మీ దగ్గర ఏముంది, మీరెట్లా బతుకుతారు, మీకు పాలించుకోవడం వచ్చా అని. అది పేకాట బల్ల మీదికి కూడా వస్తుందని నేను అనుకోలేదు. నాకు ఒళ్ళు మండిపోయింది. నోరు తెరవబోతే సురేందర్ నా చెయ్యి పట్టుకున్నాడు.

ఆపా కొత్తగా పంచిన ముక్కల్లో అయిదు ఎత్తింది, చూసింది, తర్వాత ఎనిమిది. "ఒక ఇస్పేటు" అంది. పాట సారు దగ్గరికి వచ్చింది. ఆయన చెయ్యి నాకు కనిపిస్తోంది. నాలుగు ఇస్పేట్లు, ఒకే ఒక్క ఆఠీను, మంచి కళావర్లు. తన జట్టు ఇస్పేట్లు అన్నాక ఆ చేతితో నిద్రలో లేపినా పాట పెంచాలి. సారు ముక్కల వంక చూశాడు. నవ్విన పెద్దమనిషి వంక చూశాడు. చేతిరుమాలుతో మెడ తుడుచుకున్నాడు.

"పాస్" అన్నాడు.

ఏడు పట్టులకు పాడిన పాటలో ఆపా పదకొండు పట్టులు పట్టింది. ఏం లాభం? అడిగింది ఏడే. పోటీల్లో ఒక బల్ల మీద పంచిన ముక్కలే ఇంకో బల్లకూ ఇస్తారు. పక్క బల్ల మీద అవే ముక్కలతో ఇంకెవరో పదికి పాడి గెలిచారు. ట్రోఫీ వాళ్ళది.

తిరుగు రైల్లో భువనగిరి దాటేదాకా ఆపా కిటికీలోంచి చూస్తూ కూర్చుంది. సారే తట్టుకోలేక, "తొమ్మిది పాయింట్లే ఉండె మేడమ్" అన్నాడు.

"సార్, మీ తాన పత్తాలున్నయి. వాళ్ళు నవ్విన్రని పాస్ అన్నరు. పాయింట్ల మీద ఎందుకు ఏస్తరు?" ఆమె గొంతు పెద్దగా లేదు, అందుకే భయమేసింది నాకు. "మా అబ్బా గూడ గిట్లనే పాస్ అన్నడు. ఒక్కసారే అన్నడు."

అప్పుడు చెప్పింది ఆ సంగతి. అరవై తొమ్మిదిలో, మొదటిసారి తెలంగాణ కావాలని పిల్లలంతా రోడ్డెక్కినప్పుడు, బాబామియా కూడా దుకాణం మూసి చౌరస్తాలో వాళ్ళతో కూర్చున్నాడు. ఎక్కడినుంచో వచ్చిన పోలీసులు అందరినీ ఎత్తుకుపోయారు. బాబామియా జేబులో ముక్కల దస్తా దొరికింది. పిల్లలు గలవాడివి, జైలుకెందుకు పోతావు, పేకాట కేసు రాస్తాం, జుర్మానా కట్టి సాయంత్రానికి ఇంటికి పో అన్నారు. ఆయన ఒక్క నిమిషం ఆలోచించి తల ఊపాడు. మిగతావాళ్ళు జైలుకు పోయారు.

"జైలుకు పోయినోళ్ళకు తర్వాత దండలేసిన్రు. మా అబ్బాను పత్తాల బాబామియా అన్నరు. జూదగాడు అన్నరు. ఆయన సచ్చేదాంక గదే పేరు. నేను ఆయనను అడిగిన, అబ్బా, అయిదు పత్తాలకు హుకుం చెప్పేటోనివి, ఆరోజు ఏమైంది అని. ఏమన్నడో తెలుసా? ఆరోజు నా చేతిల పదమూడు ఉండె బిడ్డా, ముంగట ఏమైతదో అంత కనపడె, భయమైంది అన్నడు."

సారు తల దించుకున్నాడు. జనగామలో దిగాక సారు ఆటో ఎక్కకుండా మార్కెట్ దాకా ఆమె పక్కనే నడిచాడు.

తర్వాతి ఏడు సకల జనుల సమ్మె వచ్చింది. భూపాలపల్లిలో బొగ్గు బాయిలు బంద్, మానుకోట మీదుగా పోయే రైళ్ళు ఎక్కడివక్కడ బంద్, బడులు బంద్, బస్సులు బంద్, ఆఫీసులకు తాళాలు. చౌరస్తాలో టెంటు వేశాం. రోజుకో తీరు. ఒకరోజు రోడ్డు మీద వంటావార్పు, ఒకరోజు బతుకమ్మ, ఒకరోజు మంగలన్నలు రోడ్డు మీదే క్షవరాలు చేశారు. రాజలింగం సారు కూడా సమ్మెలోకి వచ్చాడు. కానీ టెంటులో చివరి వరసలో, కెమెరాకు అందనంత దూరంలో కూర్చునేవాడు. గోడ మీద పిల్లి అని నేను ఆయన ముఖం మీదే అన్నాను.

రేపు మా ఆఫీసు వంతు, ఏం చేద్దామని కమిటీ అడిగితే ఆపా లేచి నిలబడింది.

"రోడ్డు మీద పత్తాలు ఆడుతం."

టెంటంతా గొల్లున నవ్వింది. కమిటీ కుర్రాడొకడు, "అక్కా, ఇజ్జత్ పోతది. ఉద్యమం అంటే పేకాట అంటరు" అన్నాడు.

"అంటరు. అందుకనే ఆడుతం. పైస లేకుండ, పందెం లేకుండ, నడి రోడ్డు మీద. నన్ను పట్టుకపోతే రాస్తారోకో అని రాయాలె. పేకాట అని రాయనియ్య. గీ చౌరస్తలనే మా అబ్బా పేరు పోయింది. గీడనే తెచ్చుకుంట."

ఇంట్లో తమ్ముడు జావేద్ రాత్రంతా పోరు పెట్టాడట. ఇప్పుడు ఆ సైకిల్ దుకాణం అతనిదే. "అబ్బా పేరు పోయింది సాలదా? ఇప్పుడు ఆడమనిషివి నీ పేరు గూడనా? ఉద్యోగం పోతే ఏం జేస్తవ్?" అన్నాడట. ఆమె పొద్దున్నే అన్నం డబ్బా కట్టుకుని, అబ్బా దుకాణంలో పరిచే పాత జంపఖానా చంకన పెట్టుకుని వచ్చింది.

వరంగల్ రోడ్డు మధ్యలో ఆ జంపఖానా పరిచాం. అటూ ఇటూ లారీలు ఆగిపోయాయి. పక్కనే ఓదెమ్మ అనే ముసలమ్మ, వంటావార్పు రోజునుంచి టెంటును వదలనిది, మోదుగు విస్తరాకులు కుడుతూ కూర్చుంది. ఆపా, ఆమె ఎడమవైపు నేను, ఆపాకు ఎదురుగా సారు, నాకు ఎదురుగా సురేందర్. సారును చివరి వరసలోంచి ఆ జంపఖానా దాకా ఆపాయే చెయ్యి పట్టి లాక్కొచ్చింది. కూర్చున్నాడే కానీ, ఆయన చూపంతా రోడ్డు మీదే ఉంది.

సురేందర్ పంచాడు. ఆపా అయిదు ఎత్తింది, తర్వాత ఎనిమిది ఎత్తింది. పంచినవాడిదే మొదటి పాట, సురేందర్ పాస్ అన్నాడు. ఆపా అంది, "ఒక ఇస్పేటు."

నా చేతిలో ఆఠీన్లు పుష్కలంగా ఉన్నాయి, పైన ఆసు. "రెండు ఆఠీన్లు" అన్నాను.

పాట సారుది. ఆయన నోరు తెరిచేలోపు జీపు వచ్చి ఆగింది. దాని వెనకే వ్యాను.

దిగిన ఎస్సై బందోబస్తుకని బయటి జిల్లానుంచి వచ్చినవాడు. చిన్న వయసే, నిద్రలేక కళ్ళు ఎర్రగా ఉన్నాయి. మర్యాదగానే మొదలుపెట్టాడు.

"ఏమ్మా, పేకాటకి రోడ్డే దొరికిందా? లేవండి. టెంటులోకి పోతే నేనేం చూడనట్టే."

"ఆట అయినంక లేస్తం సాబ్" అంది ఆపా.

"చూడండి, ధర్నా కేసులు రాసీ రాసీ మా చేతులు నొప్పెడుతున్నాయి. మీమీద ధర్నా కేసు రాయను. ముక్కలున్నాయి, జంపఖానా ఉంది. జూదం ఆడుతున్నారని రాస్తా. ధర్నా కేసయితే రేపు దండలేస్తారు. పేకాట కేసులో ఉద్యోగం చేసే ఆడమనిషి అంటే ఏమంటారో మీరే ఆలోచించుకోండి."

నలభై ఏళ్ళ కిందటి మాటే, అదే చౌరస్తాలో, అదే బేరం. ఇతనికి ఆ సంగతేమీ తెలియదు పాపం. ఆపా ముఖం తెల్లబడటం నేను చూశాను. చేతిలో ముక్కలన్నీ దగ్గరికి ముడిచింది. ఆమె భయపడటం అంతకుముందెప్పుడూ చూడలేదు.

ఆమె ఒక్కసారి ఎస్సై వంక చూసింది. ఆయన వెనక ఉన్న టెంటు వంక చూసింది. తర్వాత గొంతు వచ్చింది, పాత పెద్ద గొంతు.

"జూదానికి పందెం కావాలె సాబ్. గీ జంపఖాన దులిపి సూడుండ్రి. మా జేబులు సూడుండ్రి. పందెం దొరికితే మీరు ఏం రాసినా సంతకం పెడ్త. దొరకకపోతే రాస్తారోకో అని రాయుండ్రి. మీ చేతిల ఇక్కా లేదు సాబ్. ఉత్తగనే పాడుతున్నరు."

ఎస్సైకి ముక్కలాట వచ్చో రాదో కానీ ఆ చివరి మాట అర్థమైంది. ముఖం ఎర్రబడింది. ఆమెతో లాభం లేదనుకుని సారు వైపు తిరిగాడు.

"మాస్టారూ, మిమ్మల్ని చూస్తే పెద్దమనిషిలా ఉన్నారు. ఈ వయసులో మీకెందుకండీ ఇది? మీరు లేచి టెంటులోకి వెళ్ళిపోండి. మీ పేరు రాయను. ఈవిడ సంగతి నేను చూసుకుంటా."

సారు లేచాడు.

అబద్ధమెందుకు, నేను ఆయన్ని మనసులో తిట్టిన తిట్లు రాస్తే ఈ కాగితం చిరిగిపోతుంది. ఆయన ఒక చెప్పు తొడుక్కున్నాడు. రెండో చెప్పు కోసం కాలు చాపాడు. పదమూడు ముక్కలూ ఇంకా చేతిలోనే ఉన్నాయి. లారీల హారన్లు కూడా ఆగిపోయాయి, లేదా నాకు వినిపించలేదు.

ఆపా ఆయన్ని ఆపలేదు. తిట్టలేదు. తల ఎత్తి చూసి, ఆటలో రోజూ అన్నట్టే అంది.

"సార్, పాట మీది."

సారు చేతిలో ముక్కల్ని చూసుకున్నాడు. చాలాసేపు చూశాడు. ఆయన పెదాలు కదులుతున్నాయి, పాయింట్లు కూడుతున్నాడేమో అనుకున్నాను. తర్వాత ఎస్సై వెనక చూశాడు, టెంటులో అందరూ లేచి నిలబడి ఉన్నారు. తొడుక్కున్న చెప్పు విడిచాడు. జంపఖానా మీద మెల్లగా, మోకాళ్ళు పట్టుకుంటూ కూర్చున్నాడు.

"నాలుగు ఇస్పేట్లు" అన్నాడు. పక్కనున్న నాకే వినపడింది. మళ్ళీ అన్నాడు, ఈసారి బడిలో ప్రార్థనకు పిలిచే గొంతుతో. "నాలుగు ఇస్పేట్లు! నా పేరు రాజలింగం. నర్మెట్టల హెడ్మాస్టర్‌ను. రాసుకోండ్రి."

ముందుగా లేచింది ఓదెమ్మ. చేతిలో ఉన్న విస్తరాకు పుల్లలు ఊడదీసి, ఆకులు విసనకర్రలా పట్టుకుని మా పక్కనే రోడ్డు మీద చతికిలబడింది. "నా చేతిల నాలుగు ఇక్కాలున్నయి బిడ్డా. నా పేరు గూడ పేకాటల రాయ్" అంది ఎస్సైతో. ఆమెకు ఎదురుగా ఇంకో అవ్వ కూర్చుంది. తర్వాత మా ఆఫీసు అటెండరు, కమిటీ కుర్రాళ్ళు, బతుకమ్మ ఆడిన ఆడవాళ్ళు. నలుగురు నలుగురుగా రోడ్డంతా నిండిపోయారు. చేతుల్లో ఆకులు, కరపత్రాలు, బస్సు టికెట్లు. కొందరి చేతుల్లో ఏమీ లేదు, ఉన్నట్టే పట్టుకున్నారు. "ఇస్పేట్!" "కళావర్!" అని తలా ఒకటి అరుస్తున్నారు. ఇజ్జత్ పోతదన్న కుర్రాడి గొంతే అందరికంటే పెద్దది.

ఎస్సై టోపీ తీసి తల గోక్కున్నాడు. ఇంతమందిని పేకాటలో రాస్తే పైవాళ్ళు ఆయన్నే నవ్వుతారు. "అందరినీ ఎక్కించండి" అన్నాడు కానిస్టేబుళ్ళతో. ఆ గొంతులో కోపం కూడా లేదు.

మమ్మల్ని తెచ్చి ఒక ఫంక్షన్ హాల్లో దింపారు. ఎవరిదో పెళ్ళి అయిపోయి పూలదండలు ఇంకా వేలాడుతున్నాయి. మా నలుగురి చేతుల్లో మా పదమూడేసి ముక్కలు భద్రంగా ఉన్నాయి. వ్యానులో తోపులాటలో కూడా ఒకరి ముక్క ఒకరం చూడలేదు. పెళ్ళి వేదిక మీద జంపఖానా పరిచి, ఆగిన ఆట ఆడాం.

ఆపా ఓడిపోయింది. ఒక్క పట్టు తక్కువ. సారు ఆఠీను రాజు నా ఆసు వెనకే కూర్చుని బతికిపోయింది, దాని పని అది చేసింది. కానీ బయట ఉన్న ఇస్పేట్లు నాలుగూ సురేందర్ చేతిలోనే పడ్డాయి. దానికి ఎవరేం చేస్తారు? నాకు మాత్రం సంతోషమే, ఆటలో మా జట్టు మా జట్టే.

"ఓడినం మేడమ్" అన్నాడు సారు.

"అడిగి ఓడినం" అంది ఆపా. "ఏడు పాడి పదకొండు పట్టినరోజు నాకు అన్నం సయించలే. ఇయ్యాల సయిస్తది." అని నిజంగానే అన్నం డబ్బా విప్పింది. నలుగురం తిన్నాం.

తిన్నాక సారు పంచాడు. తన ముందున్న కుప్పలోంచి అయిదు ముక్కలు ఎత్తి, చూసి, ముడిచాడు. మిగతా ఎనిమిదీ కిందే ఉన్నాయి. "ఒక డైమను" అన్నాడు. నేను ఆయన ముఖంలోకి చూశాను. ఆయన నవ్వలేదు. ఆపా మాత్రం కళ్ళు తుడుచుకుంది, మిరపకాయ తొక్కు కారమైందని నాతో అంది. డబ్బాలో తొక్కు లేదు, పప్పే.

అంతలో పోలీసు స్టేషన్ రైటరు కాగితాలు పట్టుకుని వచ్చాడు. ఆపా వంతు వచ్చేసరికి ఆమె వేదిక దిగి, ఆయన ఎదురుగా నిలబడింది.

"కేసు ఏందో సదివి ఇనిపియ్యండ్రి."

"రాస్తారోకో. రోడ్డు మీద వాహనాలకు ఆటంకం."

"ఇంకోసారి."

రైటరు విసుక్కుంటూనే ఇంకోసారి చదివాడు. పేరు అడిగాడు, చెప్పింది. ఉద్యోగం అడిగాడు, చెప్పింది.

"తండ్రి పేరు?"

ఆ పెద్ద గొంతు హాలంతా వినపడింది.

"బాబామియా. సైకిల్ దుకాణం బాబామియా. జర పెద్దగ రాయుండ్రి సాబ్."

రైటరు రాశాడు. ఆమె కళ్ళజోడు సర్దుకుని, ఒక్కో అక్షరం వేలితో తడిమి చూసుకుంది. తర్వాత పెన్ను అడిగి తీసుకుని, ఆ పేరు కింద సంతకం పెట్టింది.